చూపించని అద్భుతం

సైన్స్ ఫిక్షన్ సినిమాకు వచ్చే ప్రేక్షకుడు మిగతా సినిమాలకు వెళ్లేటప్పటికంటే ఎక్కువ అంచనాలతో వస్తాడు. కథ ఏమిటో తెలియకపోయినా తనకు దక్కబోయేది ఏమిటో అతనికి ముందే తెలుసు: ఇంతవరకు ఎవరూ చూడని లోకమొకటి తెర మీద ప్రత్యక్షమవుతుంది, అక్కడి యంత్రాలూ జీవులూ నగరాలూ కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి, కథలో పడిన చిక్కుముడి ఎంత జటిలమైనదైనా చివరికి ఒక శాస్త్రవేత్త మాటతోనో ఒక ఆవిష్కరణతోనో విడిపోతుంది. 1902లో ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ తీసిన చంద్రమండల యాత్ర నాటికే సినిమాకూ ప్రేక్షకుడికీ మధ్య ఈ ఒప్పందం కుదిరింది. ఫిరంగి గుండు చంద్రబింబం కంట్లో దిగబడటం, చంద్రుడి మీది జీవులు గొడుగు దెబ్బ తగలగానే పొగగా మారి మాయమైపోవడం చూసిన నాటి జనానికి, చూడాలనుకున్నదాన్ని చూపించడమే ఈ రకం సినిమా ధర్మమని నమ్మకం ఏర్పడింది.

ఈ నమ్మకాన్ని అర్థం చేసుకోవడానికి భారతీయ అలంకారశాస్త్రం బాగా ఉపకరిస్తుంది. భరతుడి నాట్యశాస్త్రం అద్భుత రసానికి విస్మయాన్ని స్థాయీభావంగా, అంటే మనసులో నిలిచివుండి రసంగా పండే భావంగా చెప్పి, ఆ విస్మయాన్ని పుట్టించే కారణాలను, అంటే విభావాలను, పేర్కొంది. దివ్యజనులను చూడటం, కోరుకున్న కోరిక నెరవేరడం, ఉద్యానవనాలకూ దేవాలయాలకూ వెళ్లడం, సభ, విమానం, మాయ, ఇంద్రజాలం ఆ వరుసలో ఉన్నాయి. దివ్యజనుల స్థానంలో గ్రహాంతరవాసులను, విమానం స్థానంలో అంతరిక్షనౌకను, ఇంద్రజాలం స్థానంలో స్పెషల్ ఎఫెక్ట్స్‌ను నిలిపితే ఇరవయ్యో శతాబ్దపు సైన్స్ ఫిక్షన్ సినిమా సరంజామా దాదాపు పూర్తవుతుంది. 1957 నాటి ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసిన మాయను తరతరాలుగా ఆస్వాదిస్తున్న తెలుగు ప్రేక్షకులు 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీసినప్పుడు కాలయంత్రమెక్కి కృష్ణదేవరాయల కాలానికి ఏ సంకోచమూ లేకుండా ప్రయాణించగలిగారంటే, వస్తువులు వేరైనా రెంటిలోనూ పండిన రసం ఒకటే కావడం అందుకు ముఖ్య కారణం. ఆ ఆనందంలో లోపమేమీ లేదు, దాన్ని తక్కువ చేసి చూడవలసిన అవసరమూ లేదు.

అయితే 1960ల నుంచి ఈ ప్రక్రియలోనే మరొక పాయ బలపడింది. ఈ పాయకు చెందిన దర్శకులు సైన్స్ ఫిక్షన్ కథనే తీసుకుంటారు, ప్రేక్షకుడిలో ఆ పాత ఎదురుచూపును పనిగట్టుకుని రేకెత్తిస్తారు, తీరా అది ఫలించవలసిన ఘట్టం వచ్చేసరికి కెమెరాను వేరొక దిక్కుకు తిప్పుతారు. దీన్ని కథలో వచ్చే మలుపుగా పొరబడకూడదు. 1968లో వచ్చిన ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ చివర సముద్రపు ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిన స్వేచ్ఛాప్రతిమ కనిపించి, అంతసేపూ పరాయి గ్రహమనుకున్నది భూమేనని తేలినప్పుడు ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు గానీ అతని ఎదురుచూపు వమ్ము కాదు, ఎందుకంటే అతనికి జవాబు దొరికింది, అదీ తాను ఊహించినదానికంటే గట్టి జవాబు. మలుపు కూడా ఎదురుచూపును తీర్చే పద్ధతుల్లో ఒకటే. ఇక్కడ చెప్పుకుంటున్న నిరాకరణలో జవాబు ఉండవలసిన చోటు ఖాళీగా మిగులుతుంది, ఆ ఖాళీ ఎదుట ప్రేక్షకుడు చాలాసేపు ఉండవలసివస్తుంది. ప్రక్రియ మీద చిన్నచూపుతోనో, వినోదం పట్ల మేధావులకుండే విముఖతతోనో ఇలా చేశారని విమర్శించినవారు ఉన్నారు గానీ ఆ విమర్శ నిలవదు. సైన్స్ ఫిక్షన్‌కు మూలవస్తువు తెలియనిది. తెలియనిదానికి మనిషి తన ఊహలోంచి ఒక ముఖాన్ని, ఒక గొంతును, ఒక ఉద్దేశాన్ని తెచ్చి అతికించిన మరుక్షణం అది తెలిసినదైపోతుంది. కాబట్టి తెలియనిదాన్ని తెలియనిదిగానే నిలిపిన సినిమాలు ప్రక్రియను ధిక్కరించినట్టు కనిపిస్తూనే దాని మూలవస్తువుకు ఇతర సినిమాలకంటే ఎక్కువగా కట్టుబడివున్నాయి.

స్టాన్లీ క్యూబ్రిక్ 1968లో విడుదల చేసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ ఈ పాయలో అందరికీ తెలిసిన సినిమా. ఆర్థర్ సి. క్లార్క్ రాసిన ‘ది సెంటినల్’ అనే చిన్న కథ దీనికి బీజం. ఈ సినిమా తయారైన తీరును పరిశీలిస్తే అడుగడుగునా తీసివేతలే కనిపిస్తాయి. భూమికి వెలుపల జీవం ఉండే అవకాశాన్ని గురించి నిజమైన శాస్త్రవేత్తల చేత మాట్లాడించి, ఆ సంభాషణలను సినిమాకు ముందుమాటగా పెట్టాలని చిత్రీకరించి తర్వాత వదిలేశారు. దృశ్యాలను వివరించే వ్యాఖ్యానాన్ని సిద్ధం చేసి దాన్నీ వదిలేశారు. గ్రహాంతరవాసులను తెర మీదికి తేవడానికి రకరకాలుగా ప్రయత్నించి, ఏదీ తృప్తికరంగా లేకపోవడంతో వారిని పూర్తిగా తెరకు అవతలే ఉంచి, వారి జాడగా ఒక నల్లని పలకను, ఏ రాతా ఏ బొమ్మా లేని నున్నని దీర్ఘచతురస్రాన్ని, మాత్రం మిగిల్చారు. అలెక్స్ నార్త్ చేత ప్రత్యేకంగా సమకూర్పించిన సంగీతాన్ని సైతం పక్కనపెట్టి, అంతకుముందే ఉన్న యోహాన్ స్ట్రాస్ వాల్ట్జ్‌నూ గ్యోర్గి లిగెటి బృందగానాలనూ వాడారు. సాధారణంగా నేపథ్యసంగీతం ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు తేలికపడాలో ప్రేక్షకుడికి చెబుతుంది. ఈ సంగీతం దృశ్యంతో పాటు సాగుతుందే గానీ దాని అర్థం చెప్పే బాధ్యత తీసుకోదు. తొలి ఇరవై అయిదు నిమిషాల వరకు ఒక్క మాటా వినిపించదు, చివరి ఇరవై నిమిషాలకు పైగా భాగంలోనూ సంభాషణ లేదు.

వివరణలో ఇంత పొదుపు చూపిన సినిమా వివరాల్లో మాత్రం ఎక్కడా పొదుపు చూపలేదు, దాని బలమంతా ఈ రెండింటి పొందికలో ఉంది. వానరమానవుల ఘట్టాన్ని స్టూడియోలోనే తీస్తూ, ఆఫ్రికా ప్రకృతి దృశ్యాల పెద్ద ఫొటోలను వెనకనుంచి కాక ముందునుంచే, కాంతిని వచ్చిన దారినే తిప్పికొట్టే ప్రత్యేకమైన తెర మీద ప్రసరింపజేశారు. ఫ్రంట్ ప్రొజెక్షన్ అనే ఈ పద్ధతి వల్ల నటుల వెనక నిజమైన ఎండ, నిజమైన దూరం ఉన్నట్టు అనిపిస్తుంది. చివరి ప్రయాణంలో ఇరువైపులా దూసుకుపోయే వెలుగు గోడల కోసం డగ్లస్ ట్రంబుల్ స్లిట్ స్కాన్ అనే పద్ధతిని పెంపొందించాడు. సన్నని చీలిక వెనక వెలుగుతున్న చిత్రాన్ని ఉంచి, కెమెరా కన్ను తెరిచి ఉండగానే దాన్ని చీలిక వైపు మెల్లగా నడిపితే ఒక్కో ఫ్రేమ్‌లోనూ వెలుగు సాగి చారగా పడుతుంది, అటువంటి ఫ్రేములు వేలకొద్దీ కలిసి ప్రయాణమవుతాయి. అంతరిక్షంలో గాలి లేదు కనుక ధ్వనీ ఉండదన్న సత్యాన్ని పాటించి, నౌక వెలుపలి ఘట్టాల్లో వ్యోమగామి ఊపిరినే ధ్వనిగా ఉంచడం, ఒక మనిషి చనిపోయే వేళ ఆ ఊపిరిని కూడా తీసివేసి పూర్తి నిశ్శబ్దాన్ని మిగల్చడం ఇదే నిష్ఠకు చెందిన పనులు. ఈ నిష్ఠను రెండు గంటల పాటు చూసి సినిమాను పూర్తిగా విశ్వసించిన ప్రేక్షకుడికి చివర ఒక తెల్లని గది, అందులో క్షణక్షణానికీ ముసలివాడైపోతున్న మనిషి, అంతరిక్షంలో తేలే శిశువు మాత్రమే మిగులుతాయి. అజాగ్రత్తగా తీసిన సినిమా అర్థం కాకపోతే ప్రేక్షకుడు తప్పు దానిదే అనుకుని మరిచిపోతాడు, ఇంత జాగ్రత్తగా తీసిన సినిమా అర్థం కానప్పుడు అలా అనుకోలేడు. 1968 ఏప్రిల్‌లో జరిగిన తొలి ప్రదర్శనల్లో చాలామంది మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత క్యూబ్రిక్ దాదాపు 19 నిమిషాల భాగాన్ని కత్తిరించాడు. నిడివి తగ్గింది గానీ ఆ ముగింపు ఏమిటో విడమరిచే మాట ఒక్కటీ చేరలేదు. అదే ఏడాది వెలువడిన క్లార్క్ నవలలో ఆ వివరాలు చాలావరకు ఉన్నాయి. కావలసినవారికి అవి అందుబాటులో ఉన్నాయి కనుక సినిమా తన మౌనాన్ని మరింత నిశ్చింతగా నిలుపుకోగలిగింది.

ఖర్చుతో కూడిన ఈ ప్రయత్నానికి ఆరేళ్ల ముందే, సామగ్రి దాదాపు లేకుండా అదే పనిని ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 28 నిమిషాల్లో చేశాడు. 1962 నాటి ‘లా జెతే’ దాదాపు పూర్తిగా నిశ్చలచిత్రాలతో, అంటే మామూలు ఫొటోలతో, వాటి మీద సాగే వ్యాఖ్యానంతో నడుస్తుంది. మూడో ప్రపంచయుద్ధంలో పారిస్ ధ్వంసమైంది, బతికినవారు నేలమాళిగల్లో తలదాచుకుంటున్నారు, చిన్ననాడు ఓర్లీ విమానాశ్రయంలో చూసిన ఒక స్త్రీ ముఖాన్ని మరవలేని ఒక ఖైదీని ప్రయోగకర్తలు గతంలోకి పంపుతారు. కాలయంత్రం కోసం ఎదురుచూసిన ప్రేక్షకుడికి ఒక ఊయల మంచం, కళ్లకు కట్టిన గంతలు, ఒక సూది తప్ప మరేమీ కనిపించవు. అంతకంటే పెద్ద నిరాకరణ ఏమిటంటే సినిమాకు ప్రాణమనుకునే చలనాన్నే మార్కర్ తీసివేశాడు. జ్ఞాపకం విడివిడి చిత్రాలుగానే మిగులుతుంది కనుక ఈ రూపం ఆ కథకు అతికినట్టు సరిపోయింది.

ఈ నిశ్చలత్వంలో ఒకే ఒక్కచోట చలనం ఉంది. నిద్రపోతున్న స్త్రీ ఫొటోలు ఒకదానిలోకి ఒకటి కరుగుతూ వచ్చి, ఒక్క క్షణం ఆమె నిజంగా కళ్లు తెరిచి, కెమెరా వైపు చూసి, రెప్ప వాలుస్తుంది. స్వయంవర మంటపంలో నలుడి రూపం ధరించిన దేవతల నడుమ అసలు నలుణ్ణి దమయంతి పోల్చుకోవడానికి తోడ్పడిన గుర్తుల్లో రెప్పపాటు ఒకటని భారతకథ చెబుతుంది. అనిమిషులైన దేవతలకు రెప్పపాటు లేదు, మర్త్యుడికి ఉంది. మార్కర్ సినిమాలోనూ ఆ రెప్పపాటు ఆ స్త్రీని జ్ఞాపకాల బొమ్మల్లోంచి వేరుచేసి, ఆమె బతికివుందని, కనుక ఆమెను పోగొట్టుకోవడం తప్పదని తెలియజేస్తుంది. నాట్యశాస్త్రం అద్భుత రసానికి రెప్పవేయని చూపును అనుభావంగా, అంటే లోపలి భావాన్ని బయటపెట్టే శరీరలక్షణంగా చెప్పిందన్న విషయాన్ని దీని పక్కన నిలిపి చూడటం సముచితం. ఇక్కడ విస్మయం యంత్రం వల్ల పుట్టలేదు. ప్రేక్షకుడు కళ్లు విప్పార్చి చూసేది మరొకరి కళ్లు విప్పారడాన్నే.

1965లో జాన్-లుక్ గొదార్ తీసిన ‘ఆల్ఫావిల్’ ఈ సందర్భంలో ప్రస్తావించదగ్గదే, అయితే అది చేసిన పని సూటిగా చెప్పగలిగేది. భవిష్యనగరం కోసం ఒక్క సెట్టూ వేయకుండా, నాటి పారిస్‌లోని కొత్త గాజు కట్టడాలను, కారిడార్లను, రాత్రివేళ వీధిదీపాలను చిత్రీకరించి, కంప్యూటరు పాలించే ఆ నగరం అప్పటికే వచ్చేసిందని గొదార్ చూపాడు. ఆ ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో దానికి స్వర్ణభల్లూక పురస్కారం లభించింది.

ఈ సంప్రదాయానికి గాఢత తెచ్చినవాడు ఆంద్రేయ్ తార్కోవ్‌స్కీ. పోలండ్ రచయిత స్టానిస్లావ్ లెమ్ 1961లో ప్రచురించిన ‘సొలారిస్’ నవలలో ఒక సముద్రం గ్రహమంతటా పరచుకుని, తానే ఒక జీవిగా, బహుశా ఒక మనసుగా ఉంటుంది. ఎన్నో తరాల శాస్త్రజ్ఞులు దాన్ని అధ్యయనం చేసి గ్రంథాలు నింపినా ఆ సముద్రం ఏమిటో తేలదు. నవల మొదలయ్యేసరికే కథానాయకుడు క్రిస్ కెల్విన్ గ్రహం మీది పరిశోధన కేంద్రానికి బయల్దేరిపోతాడు. 1972లో తార్కోవ్‌స్కీ తీసిన సినిమా ఇందుకు పూర్తిగా భిన్నంగా, నీటి అడుగున ఊగే నాచుతో, తడి ఆకులతో, తండ్రి ఇంటి చుట్టూ కెల్విన్ నడకతో మొదలై, నలభై నిమిషాల వరకు భూమిని వదలదు. ఆ భాగం చివర ఒక కారు హైవేల మీదుగా, సొరంగాల గుండా దాదాపు అయిదు నిమిషాలు ప్రయాణిస్తుంది. టోక్యోలో తీసిన ఆ దృశ్యంలో కథ అడుగైనా ముందుకు కదలదు, వాహనాల రొద మాత్రం ఎలక్ట్రానిక్ ధ్వనులతో కలిసి పెరుగుతూ పోయి ఒక్కసారిగా ఆగి, మరుక్షణం ఇంటి దగ్గరి కొలను నిశ్శబ్దంగా కనిపిస్తుంది. ఆ తర్వాత రావలసిన అంతరిక్షయానం, ప్రేక్షకుడు టికెట్టు కొన్నదే దేనికోసమో అది, కాసిని నక్షత్రాలుగా, కెల్విన్ ముఖం క్లోజప్‌గా అతి క్లుప్తంగా ముగిసిపోతుంది. నగరంలో కారు ప్రయాణానికి అంత నిడివి, గ్రహాంతరయానానికి ఇంత క్లుప్తత ఇవ్వడంలో దర్శకుడి తూకం స్పష్టంగా తెలుస్తుంది: కెల్విన్ ఏ భూమిని విడిచి వెళ్తున్నాడో దాన్ని ప్రేక్షకుడి ఒంటికి పట్టించకపోతే, ఆ తర్వాత జరిగేదానికి బరువు ఉండదు.

ఆ తర్వాత జరిగేది, పరిశోధన కేంద్రంలో నిద్రలేచిన కెల్విన్‌కు పదేళ్ల కిందట ఆత్మహత్య చేసుకున్న భార్య హరి ఎదుట కూర్చుని కనిపించడం. సముద్రం అతని మనసులోంచి ఆమెను తయారుచేసి పంపింది. ఆమె దుస్తులు విప్పబోతే విప్పడానికి వీలుగా ఎక్కడా తెరపు లేదు, కత్తెరతో కత్తిరించవలసి వస్తుంది, ఎందుకంటే ఆ దుస్తులు కూడా అతని జ్ఞాపకంలో ఎలా ఉన్నాయో అలాగే తయారయ్యాయి. ఈ ఒక్క వివరంతో తార్కోవ్‌స్కీ గ్రహాంతర మేధ పరాయితనాన్ని ఏ వింత ఆకారమూ చూపకుండా స్థాపించాడు. నవలలోనూ ఉన్న ఈ వివరం సినిమాలో నతాలియా బొందర్చుక్ నటన వల్ల దిగ్భ్రమతో పాటు జాలినీ పుట్టిస్తుంది. తాను ఎవరో తనకే తెలియని ఆ స్త్రీ క్రమంగా తాను అసలు హరిని కాదని తెలుసుకుని, ద్రవ ఆక్సిజన్ తాగి చనిపోయి, మళ్లీ బాధతో లేచే ఘట్టం వచ్చేసరికి, అద్భుతం కేవలం అంగంగా మిగిలి కరుణ అంగిరసంగా, అంటే రచన మొత్తాన్ని నడిపే ప్రధాన రసంగా, స్థిరపడుతుంది. గ్రంథాలయంలో ముప్పై సెకన్ల పాటు గురుత్వాకర్షణ పోయి కెల్విన్, హరి కొవ్వొత్తుల మధ్య గాలిలో తేలే దృశ్యంలో కూడా కెమెరా భారరహిత స్థితిని ప్రదర్శించడం మీద మనసు పెట్టదు. అది గోడ మీది బ్రూగెల్ చిత్రంలోని మంచునూ వేటగాళ్లనూ, అంటే మళ్లీ భూమినే, చూసి వస్తుంది. స్వరకర్త ఎదువార్ద్ అర్తెమియెవ్, గాజుపలక మీద గీసిన గీతలను కాంతి ద్వారా ధ్వనిగా మార్చే ఏఎన్ఎస్ అనే సోవియట్ సింథసైజర్ మీద సముద్రపు ధ్వనులను రూపొందిస్తే, మనుషుల కోసం బాఖ్ సంగీతాన్ని వాడారు.

లెమ్‌కు ఈ సినిమా నచ్చలేదు. తన నవలను కాక ‘నేరము - శిక్ష’ను తీశాడని ఆయన ఆక్షేపణ. ఆ ఆక్షేపణను తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. నవలలో సముద్రం ముఖ్యం, మనిషి జ్ఞానానికి హద్దు ఎక్కడన్నది ప్రశ్న. సినిమాలో అపరాధభావం ముఖ్యం, తప్పు చేసినవాడికి రెండో అవకాశం వస్తే ఏం చేస్తాడన్నది ప్రశ్న. తార్కోవ్‌స్కీ సైన్స్ ఫిక్షన్ ప్రేక్షకుడి అంచనాను మాత్రమే కాక ఆ నవల పాఠకుడి అంచనాను కూడా తప్పించాడు. అయితే విశ్వంలో మరొకరి కోసం వెతుకుతున్నామనుకునే మనిషి తన ప్రతిబింబం కోసమే వెతుకుతున్నాడన్న ఆలోచన ఆ నవలలోనే ఉంది, సినిమా ఆ ఆలోచనను నేరుగా కథానాయకుడికే వర్తింపజేసింది. ముగింపులో తండ్రి ఇంటికి తిరిగొచ్చిన కెల్విన్‌కు కిటికీలోంచి ఇంటి లోపల వాన పడుతూ కనిపిస్తుంది, తండ్రి కాళ్ల దగ్గర అతను మోకరిల్లిన తర్వాత కెమెరా పైకి లేచి, ఆ ఇల్లు సొలారిస్ సముద్రంలో ఒక ద్వీపమని చూపుతుంది. సముద్రం అతన్ని అర్థం చేసుకుందా, అతని కోరికను అనుకరించిందా అన్నది తేల్చడానికి సినిమాలో ఆధారం లేదు, లేకపోవడమే లెమ్ నవలకు ఈ సినిమా చూపిన అసలైన విధేయత.

1979 నాటి ‘స్టాకర్’లో తార్కోవ్‌స్కీ ఇంకా దూరం వెళ్లాడు. దీనికి ఆధారం స్త్రుగాత్‌స్కీ సోదరులు 1972లో వెలువరించిన ‘రోడ్‌సైడ్ పిక్నిక్’ నవల. గ్రహాంతరవాసులు కాసేపు భూమి మీద ఆగి వెళ్లిపోయిన చోట, వారు వదిలిపోయిన వింత వస్తువులను దొంగతనంగా తెచ్చి అమ్ముకునేవారి కథ అది. నవల నిండా ఆ వస్తువులూ, వాటికి జనం పెట్టుకున్న పేర్లూ, అవి చేసే హానీ ఉంటాయి. సోదరులు దర్శకుడి కోసం స్క్రిప్టును ఎన్నోసార్లు తిరగరాస్తూ పోయేకొద్దీ ఆ వస్తువులన్నీ తొలగిపోయి, చివరికి మూడు పాత్రలు, జోన్ అనే నిషిద్ధ ప్రాంతం, అందులో లోపలి కోరికను తీర్చే ఒక గది మిగిలాయి. తొలి విడతలో తీసిన ఫిల్ము డెవలపింగ్‌లో పాడైపోవడంతో సినిమాను దాదాపు మొదటినుంచీ మళ్లీ తీయవలసి వచ్చింది. ఎస్తోనియాలో తాలిన్ నగరానికి దగ్గర్లో, పాడుబడిన జలవిద్యుత్ కేంద్రాల పరిసరాల్లో చిత్రీకరించిన ఆ జోన్‌లో కనిపించేవి గడ్డి, తుప్పుపట్టిన ఇనుము, నిలవనీరు, పొగమంచు మాత్రమే.

అయినా ఆ గడ్డిమైదానం భయం పుట్టిస్తుంది, ఎలా పుట్టిస్తుందన్నది ఈ సంప్రదాయపు శిల్పంలో అత్యంత ఆసక్తికరమైన భాగం. జోన్‌లో నేరుగా నడవకూడదని దారిచూపేవాడు, అంటే స్టాకర్, చెబుతాడు. గుడ్డపీలిక కట్టిన ఇనుప నట్టును ముందుకు విసిరి, అది పడిన చోటిదాకా నడిచి, మళ్లీ విసురుతారు. ప్రమాదం ఎన్నడూ కనిపించదు, దాని పట్ల మనిషి పాటించే మర్యాద మాత్రమే కనిపిస్తుంది, ఆ మర్యాదను గంటసేపు చూసిన ప్రేక్షకుడు గడ్డి కదిలినా జాగ్రత్తపడతాడు. గుడిలో ప్రదక్షిణ చేసేవారి నడక చూసి అక్కడొక మూర్తి ఉందని తెలుసుకోవడం వంటిది ఇది. మరొక సాధనం నిడివి. రెండు గంటల నలభై నిమిషాల సినిమాలో షాట్లు నూటనలభై పైచిలుకు మాత్రమే, కాబట్టి సగటున ఒక్కొక్కటి నిమిషానికి పైగా సాగుతుంది. షాట్ మామూలుకంటే కాస్త ఎక్కువసేపు నిలిస్తే విసుగు పుడుతుంది, ఇంకా నిలిస్తే ఆ విసుగు విరిగిపోయి, ఏదో జరగబోతుందన్న ఆరాటం తగ్గి, ఎదుట ఉన్నదాన్ని చూడటం మొదలవుతుంది. సినిమాకు ముడిసరుకు కాలమని, దర్శకుడి పని కాలాన్ని చెక్కడమని తార్కోవ్‌స్కీ చెప్పిన సిద్ధాంతానికి ఇదే ఆచరణ. ముగ్గురూ రైలుపట్టాల మీద చిన్న ట్రాలీలో జోన్‌లోకి ప్రవేశించే ఘట్టంలో కెమెరా దారిని దాదాపు వదిలేసి వారి తలల మీదే నిలుస్తుంది, పట్టాల చప్పుడు వినీవినిపించకుండా ఎలక్ట్రానిక్ ధ్వనిగా మారిపోతుంది, ప్రయాణం ముగిసేసరికి గోధుమరంగు ఛాయలో ఉన్న తెర వర్ణమయమవుతుంది. లోకాంతరప్రవేశం ఒక యంత్రం సాయం లేకుండా, వినికిడిలోనూ రంగులోనూ జరిగిపోయింది.

ఇంత చేసి వారు చేరుకున్న గది గడపను ఎవరూ దాటరు. అద్భుతానికి భరతుడు చెప్పిన విభావాల్లో ఒకటైన కోరిక నెరవేరడమే ఇక్కడ పణంగా ఉన్నది, దాన్నే సినిమా నిరాకరిస్తుంది. కారణం కథలోనే ఉంది. గతంలో ఒక స్టాకర్ చనిపోయిన తమ్ముణ్ణి తిరిగి ఇమ్మని అడగడానికి గదిలోకి వెళ్లాడు. గది మనిషి నోటితో అడిగినదాన్ని కాక లోలోపల కోరినదాన్ని ఇస్తుంది కనుక అతనికి తమ్ముడు రాలేదు, డబ్బు వచ్చింది, అతను ఉరివేసుకున్నాడు. స్టాకర్ వెంట వచ్చిన ఇద్దరిలో రచయిత ఇది గ్రహించి తన లోపల నిజంగా ఏముందో తెలుసుకునే ధైర్యం చేయలేకపోతాడు, గదిని పేల్చేయడానికి బాంబు మోసుకొచ్చిన రెండోవాడు, ప్రొఫెసర్, దాన్ని విప్పి నీళ్లలో పారేస్తాడు. కెమెరా ఈసారి గది లోపలినుంచి బయట కూర్చున్నవారిని చూస్తుంది కాబట్టి ప్రేక్షకుడు మాత్రం గదిలోనే ఉంటాడు. గది మహిమ నిజమా, స్టాకర్ కల్పనా అన్నది తేలకపోయినా, ఆ చోట కూర్చున్న ప్రేక్షకుడికి ఆ ప్రశ్న తన మీదికి తిరగక మానదు.

నిరాకరించిన ప్రతి సినిమా ఇంతటిదని దీని అర్థం కాదు. తార్కోవ్‌స్కీ తర్వాత ఆయన నిదానాన్ని, మౌనాన్ని, వానను మాత్రం తీసుకుని, ఎదురుచూపును సరిగా రేకెత్తించకుండానే దాన్ని భంగం చేయబూనిన సినిమాలు వచ్చాయి. వాటిలో రహస్యం బదులు అస్పష్టత మాత్రమే మిగిలింది. ప్రేక్షకుడు ఏం కోరుకుంటున్నాడో అతనికి ముందుగా తెలియజెప్పగలిగిన దర్శకుడే దాన్ని ఇవ్వకుండా ఉండగలడు. క్యూబ్రిక్ నౌకలకు పట్టిన శ్రద్ధ, తార్కోవ్‌స్కీ భూమికి ఇచ్చిన నలభై నిమిషాలు, నట్టుకు కట్టిన గుడ్డపీలిక ఈ తొలి బాధ్యతకు చెందినవి.

ఇటీవలి సినిమాల్లో ఈ బాధ్యతను శ్రద్ధగా నెరవేర్చినది 2016లో దెనీ విల్‌నెవ్ తీసిన ‘అరైవల్’. టెడ్ చియాంగ్ 1998లో ప్రచురించిన కథ దీనికి ఆధారం. పన్నెండు నౌకలు భూమి మీద వేర్వేరు చోట్ల దిగుతాయి, సైన్యాలు మోహరిస్తాయి, కనుక యుద్ధం కోసం ప్రేక్షకుడు సిద్ధమవుతాడు. సినిమా అతన్ని లూయీస్ అనే భాషాశాస్త్రవేత్త వెంట పంపి, వలయాకారపు సిరామరకల్లాంటి లిపిని ఒక్కో గుర్తుగా చదివే పనిలో పెడుతుంది. అయితే విల్‌నెవ్ చేసిన అసలు పని ఇక్కడ లేదు. సినిమా ఆరంభంలో లూయీస్ కూతురు పుట్టి, పెరిగి, జబ్బుతో చనిపోవడం కనిపిస్తుంది, ఆ తర్వాత లూయీస్ ఒంటరిగా తరగతి గదిలోకి నడిచి వస్తుంది. ముందు చూపినది ముందు జరిగిందని నమ్మడం సినిమా చూడటంలో ఎంత పాత అలవాటంటే, ఆమె ముఖంలోని దిగులును కూతురి మరణంతో కలపని ప్రేక్షకుడు ఉండడు. ఆ దృశ్యాలు గతం కావని, గ్రహాంతరవాసుల భాష నేర్చుకునేకొద్దీ కాలాన్ని వరుసగా కాక ఒక్కసారిగా చూడగలిగిన లూయీస్ భవిష్యత్తని చాలా ఆలస్యంగా తెలుస్తుంది. భాష ఆలోచనను మలుస్తుందన్న సపీర్-వోర్ఫ్ ప్రతిపాదనను కథ ఎంతో దూరం లాగిందని భాషాశాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పవచ్చు. సినిమా భాష విషయంలో మాత్రం ఆ ప్రతిపాదన అక్షరాలా రుజువైంది, ఎందుకంటే ఎడిటింగ్ వ్యాకరణం నేర్పిన అలవాటే ప్రేక్షకుడి చేత కాలాన్ని తప్పుగా చదివించింది.

దీన్ని మలుపుగా లెక్కించేవారు ఆ సినిమాను రెండోసారి చూడాలి. అప్పటికి దాచిపెట్టినదేదీ మిగలదు, తొలి దృశ్యంలో ఆడుకుంటున్న పాప ఎన్నేళ్లు బతుకుతుందో ప్రేక్షకుడికి తెలుసు. లూయీస్‌కు కూడా ఆ సంగతి తెలుసు, తెలిసే ఆమె పెళ్లికీ బిడ్డకూ ఒప్పుకుంది. రెండోసారి చూసే ప్రేక్షకుడు అచ్చంగా ఆమె ఉన్న స్థితిలోనే ఉండి, జరగబోయేదంతా ఎరిగి, ఆ రెండు గంటలను మళ్లీ మొదటినుంచీ కోరుకుంటాడు.